మూడు ఫోటోలు యాభై సెంట్లు: డిస్‌ఫార్మర్ గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో, అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న పట్నంలో స్టూడియో నడిపిన మైక్ డిస్‌ఫార్మర్ తీసిన రెండు ఫోటోలను, ఆయన పేరూ ఊరూ తప్ప మరే వివరమూ లేకుండా ప్రచురించాం. వాటి గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట ఉత్తరాలను కలిపాం, కొన్నింటిని కుదించాం.

ప్రశ్న: మీరు వేసిన ఫోటోల్లో ఒకదానిలో పొలం బట్టలతో ఇద్దరు రైతులు, రెండోదానిలో సైనిక దుస్తుల్లో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నారు. వెనక ఏమీ లేదు, ముఖాల్లో నవ్వు లేదు. ఇలాంటివి మా ఇంటి ట్రంకుపెట్టెలోనూ ఉన్నాయి. మా తాతయ్య, నాయనమ్మ 1950లలో మా ఊరి స్టూడియోలో తీయించుకున్నారు. ఆయనవి మ్యూజియంలో, మావి పెట్టెలో ఎందుకున్నాయి? అసలు ఆయన ఎవరు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఆయన 1884లో ఇండియానా రాష్ట్రంలో, జర్మనీ నుంచి వలస వచ్చిన వారి కుటుంబంలో మైక్ మేయర్ అనే పేరుతో పుట్టారు. ఆయన చిన్నతనంలోనే ఆ కుటుంబం ఆర్కన్సాలోని స్టట్‌గార్ట్‌కు తరలివచ్చింది. తరువాతి కాలంలో వరిసాగుకు పేరుపడ్డ ఊరు అది. 1914లో ఆయన తల్లితో కలిసి, ఓజార్క్ కొండల పాదాల దగ్గరున్న హీబర్ స్ప్రింగ్స్ చేరి, అక్కడే ఫోటోలు తీయడం వృత్తిగా చేసుకున్నారు. 1926లో వచ్చిన సుడిగాలికి ఇల్లు కూలిపోయాక ఊరి ప్రధాన వీధిలో సొంతంగా స్టూడియో కట్టుకున్నారు. ఉత్తరం వైపు నుంచి వెలుగు వచ్చేలా దానికి పెద్ద అద్దాల కిటికీ పెట్టించి, నివాసం కూడా అక్కడికే మార్చారు. ఫిలిం వాడకం అంతటా వచ్చిన తరువాత కూడా, అంతకుముందు నెగెటివులుగా వాడిన గాజు ప్లేట్లను వదలలేదు. పోస్టు కార్డు పరిమాణంలో మూడు ఫోటోలకు యాభై సెంట్లు తీసుకునేవారు. పెళ్లి చేసుకోలేదు. 1959లో ఆ స్టూడియోలోనే చనిపోయారు.

అప్పటికి ఆయన పేరు ఆ జిల్లా దాటి ఎవరికీ తెలియదు. 1961లో జో ఆల్‌బ్రైట్ అనే స్థానికుడు స్టూడియోలో మిగిలిన సామానును ఐదు డాలర్లకు కొని, ప్లేట్ల పెట్టెలను తన దగ్గర ఉంచుకున్నాడు. మరో పన్నెండేళ్లకు, 1973లో, ఆ ఊళ్లో కొత్తగా మొదలైన ఒక వారపత్రిక పాత ఫోటోలుంటే పంపమని పాఠకులను కోరింది. ఆ పత్రికలో పనిచేస్తున్న పీటర్ మిల్లర్‌కు ఆల్‌బ్రైట్ పెట్టెల సంగతి అప్పుడు తెలిసింది. మిల్లర్ నెలల తరబడి కూర్చుని, దుమ్మూ బూజూ పట్టిన ప్లేట్లను శుభ్రం చేయగా సుమారు మూడు వేలు దక్కాయి. వాటిలో కొన్నింటి ప్రింట్లను న్యూయార్క్‌లో ఒక ఫోటోగ్రఫీ మాసపత్రికకు సంపాదకురాలైన జూలియా స్కల్లీకి పంపారు. ఇద్దరూ కలిసి ఎంచిన ఫోటోలు 1976లో పుస్తకంగా వచ్చాయి. మీ ప్రశ్నలో సగానికి జవాబు ఈ వరసలోనే ఉంది. ఒకరు పారేయకుండా దాచారు, ఒకరు అడిగారు, ఒకరు కడిగారు, మరొకరికి చూసే కన్నూ అచ్చువేసే చోటూ ఉన్నాయి. వీరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పెట్టెలూ మీ పెట్టెలాంటివే అయ్యేవి.

మిగతా సగం ఫోటోల్లోనే ఉంది. అందుకు మన స్టూడియో పద్ధతిని పక్కన పెట్టి చూడాలి. మన స్టూడియోల్లో వెనక రంగుల తెర ఉండేది. దానిమీద తోటో, మెట్లో, దూరంగా ఒక మేడో చిత్రించి ఉండేది. ముందు స్టూలు, దానిమీద పూలకూజా ఉండేవి. గడ్డం కొంచెం పైకెత్తమనీ, చెయ్యి కుర్చీ మీద వెయ్యమనీ ఫోటోగ్రాఫరు చెప్పేవాడు, ప్లేటు కడిగాక ముఖం మీది మచ్చలను పెన్సిలుతో సవరించేవాడు. తీయించుకునేవారు తాము ఎలా కనిపించాలని కోరుకుంటారో అలా చూపించడం ఆ ఫోటోగ్రాఫరు వృత్తిధర్మం. డిస్‌ఫార్మర్ స్టూడియోలో తోటా లేదు, మేడా లేదు. వెనక నల్లగానో తెల్లగానో ఉండే సాదా తెర, కొన్నింటిలో దానిమీద నిలువుగా ఒక నల్లని గీత కనిపిస్తాయి, అంతే. వచ్చినవారిని నవ్వమని ఆయన అడిగేవారు కాదు. వెలుతురు కుదిరేదాకా చాలాసేపు నిలబెట్టి, తరువాత హఠాత్తుగా ప్లేటు తీసేవారని ఆ ఊరివారు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ ఎదురుచూపులో మనిషి ముందే సర్దుకున్న భంగిమ సడలిపోతుంది. చేతులు ఏం చేయాలో తెలియక వేలాడతాయి, అన్నదమ్ముల భుజాలు తమంతట తామే ఆనుకుంటాయి, కొత్త దంపతుల మధ్య జానెడు ఖాళీ మిగిలిపోతుంది. ఉత్తరపు వెలుగులో నీడలు గట్టిగా పడవు కాబట్టి, బట్ట నేతా, అరిగిన గుండీ, ఎండకు కమిలిన మెడా అన్నీ సమానమైన స్పష్టతతో ప్లేటు మీదికి వచ్చాయి. మేము ముఖాల కంటే ముందు చేతులనే చూస్తాం. ఆయన ఫోటోలు చూసే ప్రతివారికీ అదే సలహా ఇస్తాం.

అయినా మీ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. మీ తాతయ్యగారి ఫోటో దీనికంటే తక్కువదని మేము అనలేం, ఎందుకంటే ఆ స్టూడియోలో తీసిన మిగతా ఫోటోలు మన ముందు లేవు. ఒక ఫోటోగ్రాఫరు చూపు ఒక ఫోటోలో తెలియదు. ఒకే గదిలో, ఒకే వెలుగులో ఏళ్ల తరబడి తీసిన వందల ఫోటోలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డిస్‌ఫార్మర్ విషయంలో ఆ వందలు ఒకేచోట మిగిలాయి. మన దగ్గర అలా మిగిలినవి ఎక్కువగా దర్బారుల అండ ఉన్నవారివి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాము ఆదరణ పొందిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. తాలూకా కేంద్రంలో పెళ్లిళ్లకూ పరీక్ష దరఖాస్తులకూ ఫోటోలు తీసినవారి ప్లేట్లకు ఆ యోగం పట్టలేదు. గాజు మీది పూతను గీకేసి పటాలకు అద్దాలుగా వాడుకోవడం ప్రపంచమంతటా జరిగింది.

ప్రశ్న: ఆయన పేరు నిజంగా అదేనా? మనిషికి మతి స్థిమితం లేదని ఎక్కడో చదివాను. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: 1939లో చట్టప్రకారం పేరు మార్చుకున్నారు. మేయర్ అనే ఇంటిపేరు రైతును సూచిస్తుందనే అభిప్రాయంతో, తాను రైతును (ఫార్మర్‌ను) కానని చెప్పేందుకు డిస్‌ఫార్మర్ అని పెట్టుకున్నారు. పసితనంలో ఒక సుడిగాలి తనను అసలు తల్లిదండ్రుల దగ్గరనుంచి ఎత్తుకొచ్చి మేయర్ల ఇంట్లో పడేసిందని కూడా చెప్పేవారు. ఊళ్లో ఆయనను విడ్డూరపు మనిషిగానే చూశారు, అయినా ఫోటో కావాల్సి వస్తే ఆయన దగ్గరికే వెళ్లారు. ఈ కథలు చెప్పుకోవడానికి సరదాగా ఉంటాయి గానీ, వాటిని పట్టుకుని ఫోటోల్లోని మౌనానికి ఆయన మనస్తత్వాన్ని కారణంగా చూపడం మాకు సమ్మతం కాదు. ఆ ముఖాలు ఆయనవి కావు. పత్తి ధర పడిపోయిన, కొడుకులను యుద్ధానికి పంపిన మనుషులవి.

ప్రశ్న: యాభై సెంట్లకు ఫోటోలు తీసుకుంటూ బతికిన మనిషిని, ఆయన పోయిన పదిహేడేళ్లకు ఎవరో ఏరి, పెద్దవి చేసి, పుస్తకం వేసి, గొప్ప కళాకారుడన్నారు. ఏరినవారు వేరే అయితే ఆయన వేరేలా కనిపించేవారు కదా? అప్పుడు ఆ కళ ఎవరిది? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: వేరేలా కనిపించేవారు, ఇందులో సందేహం లేదు. 1976 పుస్తకం ప్రధానంగా 1939 నుంచి 1946 వరకు తీసిన ఫోటోలకు పరిమితమైంది. అందువల్ల డిస్‌ఫార్మర్ అనగానే యుద్ధకాలపు ఆర్కన్సా మనకు గుర్తొస్తుంది: సెలవు మీద వచ్చిన సైనికులు, వారిని ఆనుకుని నిలబడ్డ చెల్లెళ్లు, మాంద్యపు దెబ్బనుంచి ఇంకా తేరుకోని రైతులు. ఆయన అంతకు రెండు దశాబ్దాల ముందు నుంచీ పనిచేస్తున్నారన్న సంగతి వెనకబడింది. ఆ పాత ఫోటోలు, ప్లేట్లు పోయినా, ఇళ్లలోని ప్రింట్ల రూపంలో బతికి చాలాకాలం తరువాత బయటపడ్డాయి.

పరిమాణం సంగతి ఇంకా ముఖ్యమైనది, దీనిమీద జరగవలసినంత చర్చ జరగలేదని మా అభిప్రాయం. డిస్‌ఫార్మర్ తన చేతులతో చేసిన ప్రింటు అరచేతిలో ఇమిడేది. దాన్ని ఉత్తరంతో కలిపి సైన్యంలో ఉన్న కొడుకుకు పంపేవారు, బైబిలు పేజీల మధ్య దాచేవారు, వెనక పేరూ తేదీ రాసుకునేవారు. ఆ ఫోటోను చూసేవారికి అందులోని మనిషి ముందే తెలుసు. గాజు ప్లేటు నుంచి 1970లలో తీసిన కొత్త ప్రింటు అంతకంటే పెద్దది, దానిలో నలుపుతెలుపుల తేడా మరింత పదునైనది. గోడమీద ఉంటుంది, చూసేవారికి ఆ మనిషి ఎవరో తెలియదు. తెలియని మనిషి కాబట్టే మనం అతని చేతులనూ నిలబడ్డ తీరునూ అంత నిదానంగా చూస్తున్నాం. ఈ రెండో చూపు డిస్‌ఫార్మర్ ఉద్దేశించినది కాకపోవచ్చు. కానీ ఆ చూపుకు నిలబడగల వివరం ప్లేటులో ఉండబట్టే అది సాధ్యమైంది, ఆ వివరాన్ని అక్కడ పెట్టింది ఆయనే. మిల్లర్, స్కల్లీలు ఎంచుకున్నారు, కానీ లేనిదాన్ని కల్పించలేదు.

ఇదే చిక్కును మరో రూపంలో చూడాలంటే మాలీ దేశానికి వెళ్లాలి. బమాకో నగరంలో 1948లో స్టూడియో తెరిచిన సేదూ కీతా, పూల దుప్పట్లను తెరలుగా కట్టి ఊరివారిని ఫోటోలు తీశారు. 1991లో న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనలో ఆయన ఫోటోలను, తీసినవారి పేరు తెలియదంటూ పెట్టారు. తరువాత వెతుక్కుంటూ బమాకో వెళితే ఆయన జీవించే ఉన్నారు, నెగెటివులు వేలల్లో ఉన్నాయి. 1994లో పారిస్‌లో ఆయన పేరుతోనే పెద్ద ప్రదర్శన జరిగింది, ఆయన 2001 వరకు ఉన్నారు. గోడంత ఎత్తుకు పెంచిన ప్రింట్ల మీద సంతకం చేసే అవకాశం కీతాకు దొరికింది. డిస్‌ఫార్మర్‌కు అది దొరకలేదు కాబట్టి, ఆయన తరఫున మాట్లాడే ప్రతివారూ కొంత జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంటుంది. ఆ ప్రతివారిలో మేమూ ఉన్నాం.

ప్రశ్న: న్యూయార్క్ సేకర్తలు ఆ ఊరి ఇళ్లకు మనుషులను పంపి పాత ఫోటోలు కొన్నారట. అమాయకుల దగ్గర చవకగా కొని ఎక్కువకు అమ్ముకోవడం కాదా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: 2004 ప్రాంతంలో ఇది జరిగింది. ఆ ఊరి మూలాలున్న ఒక యువజంట తమ ఇంటి ఫోటోలను మైకేల్ మాటిస్ అనే సేకర్తకు చూపడంతో, డిస్‌ఫార్మర్ స్వయంగా చేసిన ప్రింట్లు ఇళ్లలో ఇంకా ఉన్నాయని తెలిసింది. తరువాత ఆయన స్థానికులనే నియమించి ఇంటింటికీ పంపారు; మరో వర్గం కూడా పోటీగా కొన్నది. 2005లో న్యూయార్క్‌లో రెండు గ్యాలరీలు ఒకేసారి డిస్‌ఫార్మర్ ప్రదర్శనలు పెట్టాయి. అక్కడ ఒక్కొక్క ప్రింటు వేల డాలర్లు పలికింది. ఇంటివారు ఇష్టపడే అమ్మారు కాబట్టి దీన్ని మోసం అనలేం, అయితే అమ్మేవారికీ కొనేవారికీ ఉన్న తెలివిడి సమానం కాదన్నదీ నిజమే. డబ్బు తేడా కంటే మాకు పెద్దదిగా తోచే నష్టం మరొకటి ఉంది. ఫోటో ఇల్లు దాటేటప్పుడు, అందులో ఉన్నది ఎవరి మేనత్త, ఏ ఊరి సంత రోజున తీయించుకున్నది అన్న ఎరుక దానితోపాటు వెళితే అది ఆ ఊరి చరిత్రకు కొత్త కాగితమవుతుంది, వెళ్లకపోతే మంచి ఫోటోగా మాత్రమే మిగులుతుంది. మీ ఇంటి ఫోటోలు ఎవరికైనా ఇచ్చే సందర్భం వస్తే ముందు వాటి వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. బాల్ పాయింటు పెన్ను వద్దు, దాని ఒత్తిడి ఫోటో ముందువైపు తేలుతుంది.

ప్రశ్న: మా తాతగారు 1940ల నుంచి గోదావరి ఒడ్డున స్టూడియో నడిపారు. అటక మీద ఏడెనిమిది చెక్కపెట్టెల నిండా గాజు ప్లేట్లూ, కొన్ని ఫిలిం నెగెటివులూ ఉన్నాయి. బూజు పట్టాయి. నీళ్లతో కడిగి, కంప్యూటరులోకి ఎక్కించి, అందరూ చూసేలా పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: నీళ్లు ముట్టించకండి. ప్లేటుకు ఒకవైపు నున్నగా మెరిసే గాజు, మరోవైపు మసకగా కనిపించే జెలటిన్ పూత ఉంటాయి. బొమ్మ ఆ పూతలోనే ఉంది. బూజు ఆ జెలటిన్‌నే తింటుంది, కాబట్టి బూజు పట్టినచోట నీరు తగిలితే పూత కరిగి జారిపోవచ్చు. మెత్తటి వెడల్పాటి బ్రష్‌తో దుమ్ము మాత్రం దులపండి, అదీ గాజువైపు ఎక్కువగా, పూతవైపు ఊపిరి తగిలినంత తేలికగా. పూత మీద సీసపు మెరుపుతో సన్నని గీతలు కనిపిస్తే అవి మురికి కాదు, మీ తాతగారు పెన్సిలుతో చేసిన సవరణలు. వాటిని తుడిస్తే ఆయన చేతిపని తుడిచినట్టే. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు చేతి తొడుగులు వేసుకుని ప్లేటును అంచులు పట్టుకుని ఎత్తండి. నూలు తొడుగులకు గాజు జారుతుంది.

ముందుగా ఆ పెట్టెలను అటకమీది నుంచి దించండి. మన వేసవిలో అటకకంటే వేడిచోటు ఇంట్లో ఉండదు, వానాకాలపు తేమ దానికి తోడవుతుంది. అలాగని గోదావరి ఒడ్డున నేలమీదా పెట్టకండి. గదిలో నడుమ ఎత్తున ఇనుప బీరువా అర మంచిది. చెక్క నుంచి వెలువడే ఆమ్లం ప్లేట్లకు పడదు. ఒక్కొక్క ప్లేటును ఆమ్లం లేని కాగితపు మడతకవరులో పెట్టి, పుస్తకాల్లా పొడవాటి అంచు మీద నిలబెట్టాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగుది పగులుతుంది. కవరుమీద రాయవలసినది ప్లేటు లోపల పెట్టక ముందే రాయండి. పగిలినవాటికి టేపు అంటించకండి, ముక్కలను విడివిడిగా కాగితంలో ఉంచండి. తేమకు సిలికా జెల్ పొట్లాలు వేసి నెలనెలా చూసుకోండి.

ఫిలిం నెగెటివుల విషయంలో ఒక హెచ్చరిక ఉంది. 1950ల తొలినాళ్ల వరకు వచ్చిన కొన్ని ఫిలింలు నైట్రేటువి. పాడైపోయే దశలో అవి పసుపుపచ్చగా, జిగటగా అవుతాయి, సులభంగా నిప్పంటుకుంటాయి కూడా. అలాంటివి కనిపిస్తే వెంటనే వేరుచేసి, ఇంట్లో వంటగదికీ దీపానికీ దూరంగా ఉంచి, అనుభవం ఉన్నవారికి చూపించండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేటు ఫిలిం పాడవుతున్న గుర్తు. మంటల భయం లేదుగానీ ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది కాబట్టి వాటినీ వేరుగా పెట్టండి.

కంప్యూటరులోకి ఎక్కించడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. సమానంగా వెలిగే తెల్లని లైట్ బాక్సు, స్టాండుకు బిగించిన కెమెరా, దగ్గరి వస్తువులను తీసే మాక్రో లెన్సు చాలు. ప్లేటు అంచులు కూడా కనిపించేలా తీయండి, ఎందుకంటే అక్కడ మీ తాతగారు గీకిన నంబరు ఉండవచ్చు. ఆ నంబరు ఆర్డరు పుస్తకంలోని నంబరుతో కలిస్తే ఎవరు, ఎప్పుడు, ఎన్ని కాపీలు అన్నవన్నీ తెలుస్తాయి. అందువల్ల ప్లేట్లకంటే ముందు ఆ పుస్తకాల కోసం వెతకమంటాం. చిల్లర లెక్కలని ఎవరో పాత కాగితాలవాడికి వేసి ఉండకపోతే అవి దొరికే అవకాశం ఉంది. బాగా వచ్చినవి నాలుగు ఎంచి మిగతావి వదిలేయాలన్న కోరిక కలుగుతుంది. దయచేసి అన్నీ తీయండి. ఇప్పుడు మీకు నచ్చేవి, తరువాత చూసేవారికి నచ్చేవి ఒకటే కానక్కరలేదు.

అందరూ చూసేలా పెట్టడం గురించి. మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటో మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీసినవారిది కాదు, తీయించుకున్నవారిది. ప్లేటు మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన అందులోని ఫోటోను ప్రచురించే హక్కు మీకు ఉన్నట్టు కాదు. 1940ల నాటి ఫోటోలకు ఆ హక్కు గడువు తీరిందా లేదా అన్నది పాత చట్టంతోనూ, తరువాతి సవరణలతోనూ ముడిపడిన లెక్క కాబట్టి, పుస్తకమో ప్రదర్శనో తలపెట్టే ముందు న్యాయవాదిని అడగండి. ఈలోగా చట్టం కంటే సులువైన దారి ఉంది. పేరు తెలిసిన ప్రతి కుటుంబానికీ వారి ఫోటో ప్రింటు ఒకటి ఉచితంగా ఇచ్చి, బయట పెట్టవచ్చునా అని అడగండి. వితంతువు అయిన రోజుల్లోనో, చనిపోయిన బిడ్డను ఒడిలో పెట్టుకునో తీయించుకున్న ఫోటోలు పాత స్టూడియోల్లో తప్పక ఉంటాయి. వాటి విషయంలో ఇంటివారు వద్దంటే ఆ మాటకు కట్టుబడి, కాదన్నవారి పేరూ తేదీ ఆ ప్లేటు కవరుమీద రాసిపెట్టండి, మీ తరువాత ఆ బీరువా తెరిచేవారికి అది తెలియాలి.